పాప బడిలో ప్రార్థన: మాన్పించాలా, ఉండనివ్వాలా?

ప్రశ్న: మేము ఇంగ్లండులోని రీడింగ్‌లో ఉంటున్నాము. మా పాపకు ఆరేళ్లు. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రైమరీ స్కూల్లో ఇయర్ టు చదువుతోంది. దగ్గర, మంచి బడి అని కౌన్సిల్ దరఖాస్తులో మొదటి పేరుగా రాశాము, సీటు వచ్చింది. అక్కడ రోజూ కలెక్టివ్ వర్షిప్, అంటే పిల్లలంతా కలిసి చేసే ఆరాధన, ఉంటుంది. వారానికొకసారి చర్చి మతగురువు వికార్ గారు వచ్చి బైబిలు కథ చెబుతారట. ఈ మధ్య పాప అన్నం ముందు కూర్చుని కళ్లు మూసుకుని ఇంగ్లీషులో ప్రార్థన చెప్పి ఆమెన్ అంటోంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు అది చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పాపను ఆ వర్షిప్ నుంచి పూర్తిగా మాన్పించమని హెడ్‌టీచర్‌కు వెంటనే ఉత్తరం రాద్దామని మావారు అంటున్నారు. పిల్ల ఒక్కతే ఎక్కడో కూర్చోవలసి వస్తుందని నా భయం. పైగా డిసెంబరులో వేసే నాటకంలో దేవదూత వేషం కోసం ఎంతో ఆశపడుతోంది. మొన్న రాత్రి, "అమ్మా, అసలు దేవుడు జీససా, వెంకటేశ్వరస్వామా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక నిద్రపొమ్మన్నాను. మేము ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీవారు అడుగుతున్నది చట్టం ఇచ్చిన హక్కు. దానిని వాడుకోవడానికి మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. అయినా ఇప్పుడే పూర్తిగా మాన్పించవద్దనే నా సలహా. ముందు మీరిద్దరూ వెళ్లి ఆ వర్షిప్‌ను ఒకసారి కళ్లారా చూడండి. అందులో పాప వింటున్నది ఎంత, పాప చేత పలికిస్తున్నది ఎంత అని వేరు చేసి చూడండి. అభ్యంతరం ఉంటే ఆ రెండవ దానికే పరిమితం చేస్తూ బడితో మాట్లాడండి. ఇలా ఎందుకు అంటున్నానో చెబుతాను.

ఆ బడిలో రోజూ ఆరాధన జరగడం హెడ్‌టీచర్ ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన విషయం కాదు. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి బడిలోనూ దినదినమూ సామూహిక ఆరాధన ఉండాలని ఇంగ్లండులో 1944 విద్యాచట్టమే నిర్దేశించింది. ఏ మతానికీ చెందని సాధారణ బడుల్లో కూడా అది ప్రధానంగా, స్థూలంగా క్రైస్తవ స్వభావంతో ఉండాలని 1988 చట్టం చెప్పింది. ఇప్పుడు అమలులో ఉన్న నిబంధనలు 1998 నాటి స్కూల్ స్టాండర్డ్స్ అండ్ ఫ్రేమ్‌వర్క్ చట్టంలోని 70, 71 సెక్షన్లలో ఉన్నాయి. అంటే పాపను పక్క వీధిలోని మామూలు కమ్యూనిటీ స్కూలుకు మార్చినా ఈ ప్రశ్న పూర్తిగా తప్పిపోదు. సెకండరీ బడుల్లో చాలాచోట్ల ఈ నియమం కాగితం మీదే మిగిలిపోయిన మాట నిజమే గానీ, ప్రైమరీ బడుల్లో, అందునా చర్చి బడుల్లో, దానిని శ్రద్ధగానే పాటిస్తారు. చర్చి బడుల్లో ఆరాధన ఆ బడి స్థాపన పత్రానికీ, ఆ చర్చి ఆచారానికీ అనుగుణంగా ఉండాలి. అది ఎలా జరుగుతోందో చూడటానికి ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్‌తో సంబంధం లేని సయామ్స్ అనే ప్రత్యేక తనిఖీ కూడా ఉంది. కాబట్టి మీ అమ్మాయి కోసం వర్షిప్ స్వరూపాన్నే మార్చమని అడిగితే హెడ్‌టీచర్ చేయగలిగింది ఏమీ ఉండదు. మీ అమ్మాయిని అందులో ఎంతవరకు కూర్చోబెట్టాలన్న విషయంలో మాత్రం హెడ్‌టీచర్ మీ మాట వినితీరాలి.

ఇలాంటి బడులు అక్కడ అరుదు కూడా కావు. పేదల పిల్లలకు చదువు చెప్పడం కోసమని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 1811లో నేషనల్ సొసైటీని స్థాపించింది. ప్రభుత్వం ప్రాథమిక విద్య బాధ్యతను తలకెత్తుకున్నది 1870లో. ఆ రెండింటి మధ్య ఉన్న కాలంలో ఊరూరా బడి కట్టినది చాలావరకు చర్చే. ఆ బడులనే తరువాత ప్రభుత్వం తన నిధులతో నడుపుతూ వచ్చింది. నేటికీ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు సుమారు 4,600 బడులున్నాయి, అక్కడి ప్రభుత్వ నిధుల ప్రైమరీ బడుల్లో దాదాపు నాలుగో వంతు దానివే. పల్లెల్లోనైతే నడిచి వెళ్లగలిగే బడి అదొక్కటే అయి ఉంటుంది. అందువల్ల, "చర్చి బడి అని తెలిసే చేర్చారు కదా, ఇప్పుడు ఈ గొడవ ఏమిటి?" అని ఎవరైనా అంటే ఆ మాటను మనసుకు ఎక్కించుకోకండి. చేర్చేటప్పుడు బడి విలువలను గౌరవిస్తామని ఏదో కాగితం మీద సంతకం చేసి ఉండవచ్చు. ఆ సంతకంతో మీ హక్కు పోదు.

ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీవారికి కొంత, మీ అత్తగారికి కొంత ఊరట కలుగుతుందని నాకు అనిపిస్తోంది. మతబోధ నుంచి, ఆరాధన నుంచి పిల్లలను తప్పించుకునే వీలు తల్లిదండ్రులకు ఉండాలన్న నిబంధన 1870 చట్టంలోనే ఉంది. అది హిందువులనో ముస్లింలనో దృష్టిలో పెట్టుకుని పెట్టింది కాదు, అప్పటికి ఆ దేశంలో వాళ్ల సంఖ్య ఎంతని! బాప్టిస్టులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు వంటి వేరే క్రైస్తవ శాఖలవారు తమ పిల్లలకు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వారి ప్రశ్నోత్తరాలు వల్లె వేయించడాన్ని సహించలేకపోయారు. వారి పోరాటం వల్లనే మతబోధను బడివేళకు మొదట్లోనో చివర్లోనో పెట్టాలనీ, ఇష్టం లేనివారు పిల్లలను తీసుకుపోవచ్చుననీ చట్టంలో రాశారు. క్రైస్తవులు క్రైస్తవుల నుంచి తమ పిల్లలను కాపాడుకోవడానికి సాధించుకున్న హక్కు ఇది. మన కాకినాడ, ఒంగోలు ప్రాంతాల బాప్టిస్టు కుటుంబాల నుంచి వెళ్లినవారు కూడా అక్కడి బడిలో కొన్ని పద్ధతులు చూసి మొహం చిట్లించడం ఉంటుంది. మీ ఇంట్లో కలిగిన బాధ మీ ఒక్కరిదీ కాదు, మీ మతానిది మాత్రమే కూడా కాదు.

ఇక ఆ హాల్లో జరిగేదేమిటో చూద్దాం. సాధారణంగా అది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. పిల్లలు వరుసగా వచ్చి నేల మీద కూర్చుంటారు, ఎవరో ఒకరు కొవ్వొత్తి వెలిగిస్తారు, ఒక పలకరింపు, దానికి పిల్లల బదులు, ఒక పాట, ఒక కథ. ఆ కథ బైబిలులోది కావచ్చు, స్నేహం గురించో క్షమ గురించో అయి ఉండవచ్చు. తరువాత కాసేపు మౌనం, ఒక ప్రార్థన. కొన్ని బడుల్లో ప్రభువు ప్రార్థన, బడికంటూ ఒక సొంత ప్రార్థన కూడా పిల్లలకు కంఠతా వచ్చి ఉంటాయి. ఇవికాక మధ్యాహ్నం భోజనానికి ముందు చిన్న ప్రార్థన, సాయంత్రం ఇంటికి పంపేముందు మరొకటి తరగతి గదిలోనే జరుగుతాయి. మీ పాప ఇంట్లో చెబుతున్నది బహుశా ఆ భోజన ప్రార్థనే. మీవారు హాల్లో జరిగేదాని గురించే ఆలోచిస్తున్నారు గానీ, రోజూ నోటితో పలికి అలవాటయ్యేవి ఈ చిన్న ప్రార్థనలే. కాబట్టి బడికి వెళ్లినప్పుడు వీటి గురించి తప్పక అడగండి.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ తన బడులకు ఇచ్చే మార్గదర్శకాలు కూడా ఈ ఆరాధన అందరినీ కలుపుకొనేదిగా, ఆహ్వానించేదిగా ఉండాలనే చెబుతాయి. పిల్లలు ఏ మతం వారైనా, ఏ మతమూ లేనివారైనా బలవంతం లేకుండా కూర్చోగలగాలి. అందుకే మంచి బడుల్లో టీచరు, "ఈ ప్రార్థన మీది కూడా కావాలనుకుంటే చివర ఆమెన్ అనండి" అని చెప్పి మొదలుపెడతారు. ఈ ఒక్క వాక్యం చెబుతున్నారా లేదా అన్నదే నేనైతే మొదట గమనిస్తాను. చెబుతుంటే మీ పాప చేతులు ఒడిలో పెట్టుకుని మౌనంగా కూర్చునే వీలు అక్కడ ఉన్నట్టే. చెప్పకుండా అందరి చేత చేతులు జోడింపజేసి, కళ్లు మూయించి, గొంతు కలపని పిల్లను మందలిస్తూ ఉంటే అది వేరే సంగతి. అప్పుడు నా సలహా కూడా మారుతుంది.

మౌనంగా నిలబడటం అమర్యాద కాదన్నది మన దేశపు న్యాయస్థానం కూడా ఒప్పుకున్న మాటే. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక కుటుంబంలోని ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వేళ గౌరవంగా నిలబడి పాడకుండా ఊరుకున్నందుకు బడి వారిని వెళ్లగొట్టింది. అది చెల్లదని సుప్రీంకోర్టు 1986లో తీర్పు చెప్పింది. మన రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడవ క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ పొందే ఏ విద్యాసంస్థలోనైనా మైనరు పిల్లలను మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలి. ఇక్కడ ముందే సమ్మతి కావాలి, అక్కడ వద్దని మీరే నోరు తెరిచి చెప్పాలి. రెండు చోట్లా చివరి మాట తల్లిదండ్రులదే. మన వైపు మిషన్ బడుల్లో చదివిన లక్షలమంది ఈ క్లాజు గురించి వినను కూడా వినకుండానే ఉదయపు ప్రార్థనలో నిలబడి పెద్దవారయ్యారన్నది వేరే విషయం.

పూర్తిగా మాన్పిస్తే ఏమవుతుంది? మీ భయం ఉత్తి భయం కాదు. బడి పాపను ఎవరైనా పెద్దవారి పర్యవేక్షణలో ఉంచవలసిందే, ఒంటరిగా వదిలేయడానికి వీల్లేదు. కానీ ఆ పెద్దవారు లైబ్రరీలో పుస్తకాలు సర్దుకుంటున్న సహాయకురాలు కావచ్చు, పాప కూర్చునే చోటు ఆఫీసు బయట కుర్చీ కావచ్చు. దీనికి ప్రత్యేకంగా పాఠం ఏర్పాటు చేసే బాధ్యత బడికి లేదు. అంతకంటే ముఖ్యమైన చిక్కు మరొకటి ఉంది. చాలా బడుల్లో వారపు బహుమతులు, పుట్టినరోజు చప్పట్లు, రేపటి విహారయాత్ర కబుర్లు అన్నీ ఆరాధన జరిగే ఆ సమావేశంలోనే ముందో వెనకో కలిసిపోయి ఉంటాయి. ఉత్తరం ఇచ్చిన మరుసటి వారం పాపకు చదువులో సర్టిఫికెట్ ప్రకటిస్తే, దానిని అందుకోవడానికి తాను ఆ హాల్లో ఉండదు. కనుక మాన్పించేటట్టయితే, ప్రార్థన భాగానికి ముందు లేదా తరువాత పాపను హాల్లోకి పంపే ఏర్పాటు ఉందా అని అడిగి, ఆ ఏర్పాటు కాగితం మీద పెట్టించుకోండి.

పిల్లను వేరుగా కూర్చోబెట్టడంలోని ఈ నొప్పిని న్యాయస్థానాలు కూడా గుర్తించాయి. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో ఒక ప్రైమరీ బడికి సంబంధించిన కేసులో, మాన్పించుకునే హక్కు ఉన్నంత మాత్రాన సరిపోదనీ, దానిని వాడుకుంటే పిల్ల అందరి కళ్లలో పడి వేరైపోతుందన్న భయం తల్లిదండ్రుల మీద అన్యాయమైన భారం అవుతుందనీ బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 నవంబరులో అభిప్రాయపడింది. అయితే అక్కడి చట్టం వేరు, ఆ బడి చర్చి బడి కాదు. ఆ తీర్పును చేతబట్టుకుని మీ హెడ్‌టీచర్ దగ్గరకు వెళ్లమని నేను చెప్పను.

మీవారు మరొక్క విషయం గమనించాలి. వర్షిప్ వేరు, రిలిజియస్ ఎడ్యుకేషన్ అనే పాఠం వేరు. ఉత్తరంలో "మతానికి సంబంధించిన అన్నిటి నుంచి" అని ఆవేశంగా రాస్తే రెండూ పోతాయి. మీది కౌన్సిల్ అజమాయిషీ ఎక్కువగా ఉండే వాలంటరీ కంట్రోల్డ్ బడో, చర్చికి ఎక్కువ అధికారం ఉండే వాలంటరీ ఎయిడెడ్ బడో కౌన్సిల్ దరఖాస్తును బట్టి చెప్పలేము. అడిగి తెలుసుకోండి. వాలంటరీ కంట్రోల్డ్ బడి అయితే ఆ పాఠం స్థానికంగా అంగీకరించిన పాఠ్యప్రణాళిక ప్రకారం సాగుతుంది, అందులో క్రైస్తవంతో పాటు ఇతర మతాలూ ఉంటాయి. దీపావళి రోజున తరగతిలో దీపం గురించి, రాముడి గురించి టీచరు చెబుతుంటే మీ పాప ఒక్కతే బయట కూర్చుని ఉండటం కంటే విడ్డూరం ఉండదు. వాలంటరీ ఎయిడెడ్ బడి అయితే ఆ పాఠం చర్చి దృక్పథంతో ఉంటుంది గనుక అప్పుడు పాఠ్యాంశాల పట్టిక అడిగి చూసి నిర్ణయించుకోండి. బడి కౌన్సిల్ నుంచి విడివడి నేరుగా ప్రభుత్వ నిధులతో నడిచే అకాడమీగా మారి ఉన్నా మీ హక్కులు దాదాపు ఇవే. అవి ప్రభుత్వంతో ఆ బడి చేసుకున్న ఒప్పందంలో రాసి ఉంటాయి.

డిసెంబరు నాటకం విషయంలో నాకు సందేహం లేదు, వేయనివ్వండి. క్రీస్తు జననం నాటకంలో రెక్కలు కట్టుకుని నిలబడటం ఆరాధన కాదు. మన ఊళ్లలో ఏ మతం పిల్లలైనా బడి వార్షికోత్సవంలో కృష్ణుడి వేషం వేసినప్పుడు మనం దానిని మతమార్పిడి అనుకోలేదు కదా. క్రిస్మస్ వేళ చేసే క్రిస్టింగిల్ కొంచెం వేరు. నారింజపండు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, పైన కొవ్వొత్తి నిలిపి, పుల్లలకు మిఠాయిలు గుచ్చి పిల్లల చేతికిస్తారు. పండు లోకానికీ, రిబ్బను క్రీస్తు రక్తానికీ, కొవ్వొత్తి ఆయన వెలుగుకూ గుర్తులని చెబుతారు. దానిని తయారుచేయడం తరగతి గదిలో జరిగే చేతిపని, చర్చిలో వెలిగించి పాడటం ఆరాధన. మొదటిది చేసి రెండవ దానికి వెళ్లకుండా ఉండవచ్చు. పూర్తిగానే కాక పాక్షికంగా కూడా మినహాయింపు కోరవచ్చునని చట్టంలోనే ఉంది. చాలామంది తల్లిదండ్రులకు తెలియక, అంతా లేదా ఏమీ వద్దు అనే పట్టుదలకు పోతారు.

ఇప్పుడు ఇంటి సంగతి. పాప అడిగిన ప్రశ్నకు, "అందరు దేవుళ్లూ ఒక్కటేనమ్మా" అని తేల్చేయడం మనకు తేలిక. మీరు నిజంగా అలా నమ్మితే అలాగే చెప్పండి. కానీ వికార్ గారు ఆ మాట అనరు. రేపు బడిలో వేరే మాట విన్నప్పుడు మీ జవాబు పాపకు నిలబడదు. "మనం వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుంటాం, మీ బడి వాళ్లు జీసస్‌కు ప్రార్థన చేస్తారు, మీ తరగతిలో ఇంకొకరి ఇంట్లో అల్లాకు చేస్తారు, ఎవరి ఇంట్లో నమ్మకం వాళ్లది, ఎవరినీ వెక్కిరించకూడదు" అని చెప్పడం ఆరేళ్ల పిల్లకు చాలు. అందులో అబద్ధం లేదు. ఇంత స్పష్టంగా చెప్పకుండా దాటవేస్తే, ఈ విషయం అమ్మానాన్నల దగ్గర ఎత్తకూడదేమోనని పిల్ల అనుకుంటుంది. బడిలో ఏం జరిగిందో ఇంటికి వచ్చి చెప్పడం మానేస్తుంది. మీకు జరగగల నష్టాల్లో పెద్దది అదే.

మీ అత్తగారి కన్నీళ్లను చాదస్తమని కొట్టిపారేయకండి. మతం మారిపోతుందన్న భయం కంటే, మనవరాలు తనకు అర్థంకాని భాషలో దేవుడితో మాట్లాడుతోందన్న బాధ ఆమెలో ఎక్కువై ఉండవచ్చు. పాప అన్నం ముందు ఆగి చేతులు జోడిస్తోంది, ఆ అలవాటు మంచిదే. దానిని తప్పు పట్టి మాన్పించే బదులు, మీ అత్తగారినే తన పక్కన కూర్చుని "బ్రహ్మార్పణం" శ్లోకమో, మూడుసార్లు గోవింద నామమో చెప్పించమనండి. తిన్నాక "అన్నదాతా సుఖీభవ" అనడం నేర్పితే వంట చేసినవారికి కూడా కాస్త సంతోషం. పిల్లలు ఏ చోట ఏ మాట అనాలో చక్కగా పోల్చుకుంటారు. బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నట్టే ఇదీను. ఆమె తిరిగి రాజమండ్రి వెళ్లాక ఆ పని మీరిద్దరూ కొనసాగించాలి. ఇంట్లో ఏమీ చెప్పకుండా, బడిలో చెప్పినదానిని మాత్రం ఆపాలనుకోవడంలో న్యాయం లేదు. ఈ ఒక్క మాట మీవారికి నా తరఫున కాస్త గట్టిగానే చెప్పండి.

మిషన్ బడి అంటే మీవారికి ఉన్న అనుమానం ఈనాటిది కాదు. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ అనే క్రైస్తవ మిషనరీ ఇంగ్లీషు బడి తెరిచి రోజూ బైబిలు పాఠం పెట్టినప్పుడు కూడా తండ్రులు ఇలాగే సందేహిస్తూనే పిల్లలను పంపారు. మతం మార్చాలన్న ఉద్దేశాన్ని నోబుల్ దాచుకోలేదు. నేటి ఇంగ్లండు చర్చి బడి స్థితి వేరు. దాని తరగతుల్లో హిందువులు, ముస్లింలు, సిక్కులు, ఏ మతమూ పట్టనివారు కలిసి కూర్చుంటున్నారు. కలెక్టివ్ వర్షిప్ ఉద్దేశం పిల్లలను క్రైస్తవులుగా మార్చడం కాదని చర్చి స్వయంగా చెబుతోంది. ఆ మాట మీ బడిలో నిలబడుతోందా లేదా అన్నది ఒక పూట వెళ్లి చూస్తే తెలిసిపోతుంది. రాదలచుకున్నామని చెబితే చాలావరకు కాదనరు.

చూసివచ్చాక ఉత్తరం అవసరమనిపిస్తే చిన్నదిగా, మర్యాదగా రాయండి. కారణాలు రాయనక్కరలేదు, మతచర్చ అసలే వద్దు. పాప హాల్లో కూర్చుని పాటలు, కథలు వింటుందనీ, ప్రార్థన సమయంలో మౌనంగా ఉంటుందనీ, తన చేత ప్రార్థన చదివించడం గానీ కొవ్వొత్తి వెలిగించే వంతు ఇవ్వడం గానీ మీతో మాట్లాడాకే చేయమనీ, భోజన ప్రార్థనలో గొంతు కలపకపోతే తప్పు పట్టవద్దనీ రాస్తే సరిపోతుంది. చర్చిలో జరిగే సేవలకు ముందుగా కబురు చేయమని అడగండి. పూర్తి మినహాయింపే కావాలని ఇద్దరూ నిర్ణయించుకుంటే, "కలెక్టివ్ వర్షిప్ నుంచి" అని స్పష్టంగా రాసి, ఆ సమయంలో పాప ఎక్కడ, ఎవరి దగ్గర ఉంటుందో బదులు కోరండి. పంపే ముందు క్లాస్ టీచర్‌తో ఒక్కసారి నోటిమాటగా చెప్పండి, ఎందుకంటే రోజూ పాపను చూసుకునేది ఆవిడే. మీ కోరిక మీరు వెనక్కి తీసుకునేంతవరకు అమలులో ఉంటుంది. మనసు మార్చుకుంటే మరొక చిన్న ఉత్తరం చాలు. బడి మారినప్పుడు మాత్రం కొత్త బడికి మళ్లీ రాసివ్వాలి.